జాజు బొట్టు పడ్డ సీటు

మొన్న దేవరకొండ నుంచి వస్తుంటే బస్సులో నర్సింహ సారు కనిపించాడు. చూడనట్టే కిటికీ వైపు తిరిగాను. ఆయన మాత్రం చూశాడు. చూసి ఊరుకుంటే నర్సింహ సారెందుకవుతాడు! సీట్ల మధ్య తోసుకుంటూ వచ్చి నా పక్కన నిలబడి, బస్సు మొత్తానికి వినపడేటట్టు మొదలుపెట్టాడు. "గీమె ఎవలనుకున్నరు? యూనివర్సిటీల మేడం. మన బీరయ్య బిడ్డ స్వరూప. నా చేతుల మీదనే పెద్దగైంది. ఇంజినీరింగుల చేరేటప్పుడు నేను దగ్గరుండి సూసుకోకుంటె ఇయ్యాల గొర్ల ఎంబడి తిరుగుతుండె." బస్సులో ఒక ముసలాయన రెండు చేతులెత్తి దండం పెట్టాడు, నాకు కాదు, ఆయనకు. నాకు కోపం వస్తే ముందు మాట పోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. నాది కాని స్టేజీలో దిగి, మిట్టమధ్యాహ్నం ఎండలో రోడ్డు పట్టుకుని నడిచాను. నడిచినంతసేపూ బస్సులో అనాల్సిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిని ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

మాది గొర్రెలు కాసే ఇల్లు. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఇంటి వాసన ఎవరికైనా ముందు దొడ్డి దగ్గర మొదలవుతుంది. పచ్చి పెంట, తడిసిన ఉన్ని, దోమలకు వేసే వేపాకు పొగ, ఇవన్నీ కలిసి గోడలకే పట్టేసి ఉండేవి. కాలేజీకి పోయేటప్పుడు నా చున్నీని వేరే దండెం మీద, ఇంటి వెనక ఆరేసుకునేదాన్ని. అయినా బెంచీలో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు చిట్లించేది. తెల్లవారకముందే అమ్మ జొన్నరొట్టెలు కొట్టే చప్పుడుకు మెలకువ వచ్చేది. మా అవ్వ అప్పటికే అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించి, ఒళ్లో ఉన్ని పెట్టుకుని చిక్కులు తీస్తుండేది. అవ్వ మాట తక్కువ. ఎవరైనా ఎక్కువ మాట్లాడితే పొగ వాళ్ల వైపు వదిలేది. నాయిన బీరయ్య పొద్దున్నే లేచి ముందు గొర్రెలను చూసేవాడు, తర్వాత ఆకాశాన్ని, ఆ తర్వాతే మమ్మల్ని. ఈ వరస మీద అమ్మకు జీవితమంతా ఫిర్యాదు ఉంది.

మా దగ్గర ఎండాకాలం గడ్డి ఉండదు. బోర్లు ఎండిపోయే రోజుల్లో నాయిన, ఆయన జతగాళ్లు మందను తోలుకుని డ్యాం ఉన్న నందికొండ దిక్కు పోయేవాళ్లు. అక్కడ కాలువ కింద రైతులు తమ చేన్లలో మంద పెట్టించుకుంటారు. అంటే రాత్రిళ్లు గొర్రెలను చేనులోనే పడుకోబెడతారు, చేనుకు ఎరువు పడుతుంది, మందోళ్లకు గింజలు దొరుకుతాయి. వానలు గట్టిగా పడేదాకా తిరిగిరారు. అన్నిరోజులూ ఇంటి పెత్తనం మా చిన్నాయిన మల్లేశుది. చిన్నాయిన షాద్‌నగర్‌లో ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్. ఆదివారం ఆదివారం ఇస్త్రీ షర్టు వేసుకుని వచ్చేవాడు. కార్లలో వచ్చే ఇంజినీర్లకు గేటు తీసేవాడు కాబట్టి ఇంజినీర్ల గురించి మా ఊర్లో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదని అందరి నమ్మకం, ముఖ్యంగా ఆయన నమ్మకం.

ఇంకొక సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా ఇళ్లలో జీవాలు అమ్మేటప్పుడు బేరం నోటితోనే. బేరం కుదిరితే కొన్నవాడు కొంచెం బయానా డబ్బు చేతిలో పెట్టి, గొర్రె వీపు మీద జాజుతో, అంటే ఎర్రమన్నుతో, ఒక బొట్టు పెడతాడు. ఆ బొట్టు పడిందంటే ఆ జీవం వాడిదే. వారం తర్వాత వచ్చి తోలుకుపోయినా సరే, మధ్యలో ఇంకొకడు రెట్టింపు ఇస్తానన్నా సరే, వాపసు అడగడం ఉండదు. అడిగిన ఇంటికి మళ్లీ ఎవరూ బేరానికి రారు. మా తాత ఒకసారి జాజు పడ్డ పొట్టేలు రోగమొచ్చి చస్తే, తన మందలో అంతకన్నా మంచిది తీసి ఇచ్చాడని అవ్వ చెప్పేది. మా ఇంటికి అంతకుమించిన ఆస్తి లేదు, అంతకుమించిన గర్వమూ లేదు.

ఎంసెట్‌లో నాకు ర్యాంకు మంచిగానే వచ్చింది. మా సర్కారు జూనియర్ కాలేజీ లెక్కల సారు నన్ను పిలిచి, "నీకు గవర్నమెంటు యూనివర్సిటీల ఎలక్ట్రికల్ తప్పకుంట వస్తది. అదే ముందు పెట్టుకో. ఇంకేది సూడకు. ఆడ ఫీజు తక్కువ, స్కాలర్‌షిప్పుల అంత కొట్టుకపోతది, మీ నాయిన మీద బరువు పడది" అన్నాడు. ఆ యూనివర్సిటీ ఏ జిల్లాలో ఉందో, దాని పేరేమిటో ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది. నాకు ఎలక్ట్రికల్ మీద పెద్ద ఆశయాలేమీ లేవు. మా ఊర్లో ట్రాన్స్‌ఫార్మర్ ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయేది. బాగుచేసేవాళ్లు వచ్చేదాకా ఊరంతా బిందెలు పట్టుకుని కూర్చునేది. ఆ డబ్బాలో ఏముందో తెలుసుకోవాలని ఉండేది, అంతే. కానీ ఆ సీటు నాకు కావాలి. పరీక్ష రాసి, నా ర్యాంకుతో, ఎవరి కాళ్లూ పట్టుకోకుండా వచ్చే సీటు. పదిహేడేళ్ల పిల్లకు అంతకన్నా సొంతమైనది ఏముంటుంది?

నర్సింహ సారు అప్పుడు ఊడిపడ్డాడు. ఆయన ఒకప్పుడు మా ఊరి బడిలో వాలంటీరుగా పనిచేశాడు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే, ఆ మాట అబద్ధం కాదు. తర్వాత బడి వదిలేసి హైదరాబాదు రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీకి పిల్లలను పట్టిచ్చే పనిలో చేరాడు. పట్టిచ్చిన పిల్లకు ఇంత అని ఆయనకు ముడుతుందని ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా సారూ సారూ అంటూ ఇంట్లోకి పిలిచేవాళ్లు. ఒక ఆదివారం తెల్ల కారులో మా ఇంటిముందు దిగాడు. మిఠాయి డబ్బా, నల్ల బ్యాగు తెచ్చాడు. దొడ్డి పక్క నుంచి వస్తూ ముక్కుకు దస్తీ కూడా అడ్డం పెట్టుకోలేదు. అది చూసే మా అమ్మ సగం కరిగిపోయింది.

"మల్లేశూ, గా సర్కారు యూనివర్సిటీల ఏమున్నదే? ల్యాబులు లెవ్వు, సార్లు లేరు. సెట్ల కింద కూసుంటరు పిల్లలు. మా కాలేజైతె ఏసీ బస్సు మీ సడక్ దాక వస్తది. పిల్ల బూట్లు టై ఏసుకోని బస్సెక్కుతాంటె ఊరంత సూస్తది" అన్నాడు.

"ఫీజు గిట్ల ఎక్కువుంటదేమో సారూ," అన్నది అమ్మ మెల్లగా.

"అక్కా, నీకెందుకు ఫికర్? గవర్నమెంటే కడ్తది ఫీజంత. మీరు జేబుల చెయ్యి పెట్టే పనే లేదు."

చిన్నాయిన అప్పటికే టై దగ్గర ఆగిపోయాడు. ఆయన గేటు దగ్గర నిలబడి చూసిన ఇంజినీర్లందరికీ టైలున్నాయి కాబోలు. "ఏదన్న ఊకెనే వచ్చిందంటె దానికి ఇలువ ఉండది సారూ. మా కంపెనీల గూడ సర్కారు కాలేజోళ్లను ఎవడు దేకడు" అన్నాడు. ఆ మాట ఆయన ఎక్కడ విన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ మాట మాత్రం ఊరూరా ఉంది. ఊరికే వచ్చేది చెడ్డది, డబ్బు కట్టేది మంచిది అని పేదోళ్ల చేతనే అనిపించినవాళ్లకు నిజంగా దండం పెట్టాలి. డబ్బున్నవాళ్లు అనుకుంటే అనుకోనీ. గొర్రె అమ్మితే తప్ప ఫీజు కట్టలేనివాళ్లు కూడా సర్కారు బడి అంటే పెదవి విరుస్తారు. అప్పుడూ మండింది నాకు, ఇప్పుడూ మండుతుంది.

నేను అరుగు మీద నుంచే అన్నాను, "నేను యూనివర్సిటీకే పోత చిన్నాయినా. లెక్కల సారు చెప్పిండు. గా ప్రైవేటుల గవర్నమెంటు కట్టేది కొంతే, మిగిలింది మనమే కట్టాలె. బస్సుకు వేరే, బిల్డింగుకు వేరే గుంజుతరు."

"పెద్దోళ్లు మాట్లాడేటప్పుడు నడుమ రాకు బిడ్డా," అని నర్సింహ సారు నవ్వుతూ లేచాడు. లేచి ఆ నల్ల బ్యాగు తెచ్చి తన చేత్తో నా భుజానికి తగిలించాడు. దాని మీద కాలేజీ పేరు ఎర్ర అక్షరాలతో ఉంది. చిన్నాయిన వైపు తిరిగి, "బీరయ్య ఇంటి సంగతి నాకు ఎర్కలేదా? జాజు పెట్టినంక మీ ఇంట్ల వాపసుండది. గీ బ్యాగే బయానా అనుకో" అన్నాడు. చిన్నాయిన ఉబ్బిపోయి, "మాటంటె మాటే సారూ" అన్నాడు. అంతే. నా సీటు అమ్ముడుపోయింది. మా ఇంటి మంచితనాన్ని తాడులా మెలిపెట్టి మా మెడకే వేశాడు ఆ మనిషి. మోసం తెలియక చేస్తే ఒక తీరు. మా మాట ఎంత గట్టిదో తెలిసి, ఆ గట్టితనాన్నే వాడుకున్నాడు. ఇన్నేళ్లయినా నేను క్షమించలేనిది అదే.

ఆ తర్వాత అంతా ఆయన కారులోనే నడిచింది. సర్టిఫికెట్లు చూసే సెంటరుకు ఆయనే తీసుకుపోయాడు. వరసలో నిలబడాల్సిన పని లేకుండా చూశాడు, దారిలో ఇడ్లీలు తినిపించాడు. ఫోన్ నంబరు అడిగితే చిన్నాయిన తన నంబరు చెప్పాడు. పాస్‌వర్డు ఆ ఫోనుకే వచ్చింది, అక్కడి నుంచి సారు చేతికి పోయింది. కంప్యూటర్లో ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని వరస పెట్టే పని పిల్లలదే. పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటే సీటు వాళ్లు చెప్పిన చోటికి పోతుంది. "నువ్వు తిప్పలు పడకు బిడ్డా, నేనే పెడ్త" అన్నాడు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా, మీ ఇంట్ల ఎలుకలు కొడతయ్ అని, తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆ కాగితాలు లేకపోతే ఏ కాలేజీవాళ్లూ చేర్చుకోరు. ఇంటికి వచ్చి ఏడ్చాను. అమ్మ "మీ నాయిన లేడు గద, నేనేం జెయ్యాలె?" అన్నది. నాయిన ఫోన్ చేస్తే కలవదు. గుట్టల్లో సిగ్నల్ ఉండదు, చార్జింగ్ దండగని ఆయన ఫోను బంద్ చేసి గొంగడిలో చుట్టి పెట్టుకుంటాడు. వరస మార్చుకోవడానికి గడువు ఇంకా కొద్దిరోజులే ఉంది.

నేను అవ్వ దగ్గరికి పోయి నోటికొచ్చినట్టు అరిచాను. జాజు సంగతి అందరికన్నా గట్టిగా పట్టుకునే మనిషి ఆమె. తిడుతుందనే అనుకున్నాను. అవ్వ పొగ నా మీదికి వదలలేదు. చుట్ట పక్కన పెట్టింది. మర్నాడు పొద్దున్నే రొట్టెలు, ఉల్లిగడ్డ గుడ్డలో కట్టుకుని, "నడువు. మందేమో మీ అయ్యది, బయానా పట్టిందేమో మల్లేశు. గిదేం లెక్కనో అడిగొద్దాం" అన్నది. ఇద్దరం నందికొండ బస్సెక్కాం. నా చదువు గురించి అడగడానికి నా తండ్రిని అడవుల్లో వెతుక్కుంటూ పోవాల్సి వచ్చింది.

డ్యాం దగ్గర దిగి కాలువ పట్టుకుని నడిచాం. మందను వెతకడానికి మాకు చేన్లే గుర్తు. ఎవరి చేనులో మంద పడుకుంటే అక్కడ నేల నల్లగా పెంటతో నిండి ఉంటుంది. అవ్వ ప్రతి చేను దగ్గర ఆగి, రైతు కనిపిస్తే అడిగేది. "అయ్యా, గీడ పండిన మంద బీరయ్యదేనా?" ఒకాయన "మొన్నటిదాక నా చేన్లనే ఉండె, గా అవతలోళ్లు పిలిస్తె పోయిండు" అనేవాడు. అవతలికి పోతే ఇంకా అవతల అనేవాళ్లు. కాళ్లు బొబ్బలెక్కాయి. పొద్దు వాలేవేళకు ఒక గుట్ట పక్కన మా మంద కనిపించింది. నాయిన ఒక గొర్రె కాలు ఒళ్లో పెట్టుకుని ముల్లు తీస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. ఇంట్లో ఎవరో చచ్చారనుకుని ఆయన చేతులు ఆగిపోయాయి. అవ్వ "అందరు మంచిగనే ఉన్నరు" అన్నాకే మళ్లీ ముల్లు వెతకడం మొదలుపెట్టాడు.

నేను మొత్తం చెప్పాను. ఫీజు తేడా చెప్పి, ప్రైవేటు అయితే ఏడాదికి ఎన్ని గొర్రెలు అమ్మాల్సి వస్తుందో కూడా చెప్పబోయాను. నాయిన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గొర్లు అమ్ముడు నా ఇష్టం. నువ్వు నా మంద దిక్కు సూసి సదువకు. నీకేం గావాల్నో గది చెప్పు."

"నాకు గా యూనివర్సిటీ గావాలె నాయినా. గది నా ర్యాంకుకు వస్తది. ఒకళ్లు బ్యాగు తగిలిస్తె వచ్చేది నాకొద్దు."

ముల్లు దొరికింది. తీసి అవతల పారేశాడు. "మల్లేశు ఏమంటుండు?"

"జాజు పెట్టినంక వాపసు లేదంటుండు."

నాయిన పక్కనున్న గొర్రె చెవి పట్టుకుని నాకు చూపించాడు. మా దగ్గర ఎవరి జీవాలకు వాళ్లు చెవి మీద ఒక తీరుగా గాటు పెడతారు. మందలు కలిసిపోయినా ఆ గాటును బట్టే ఎవరిదెవరిదో విడదీస్తారు. "తన గాటు లేని జీవానికి జాజు పెట్టిచ్చుకుంటె గా బేరం చెల్లదు. కొన్నోడు వాపసియ్యాలె, అమ్మినోడు తప్పు కట్టాలె. మల్లేశుకు గిది ఎర్కనే" అన్నాడు. మందను జతగాళ్లకు అప్పగించి, గొంగడి భుజాన వేసుకుని మాతోపాటు బయలుదేరాడు. వానలు పడకముందు నాయిన మందను వదిలి ఇంటికి రావడం నేను అంతకుముందు చూడలేదు.

నర్సింహ సారు ఇల్లు మా పక్క ఊర్లో, పెంకుటిళ్ల మధ్య ఒక్కటే డాబా. మేం ముగ్గురం పోయాం, వెనక చిన్నాయిన, నేల చూసుకుంటూ. నాయిన ఆ నల్ల బ్యాగును అరుగు మీద పెట్టాడు. "సారూ, గిదిగో నీ బయానా. పిల్ల కాయిదాలు ఇయ్యి" అన్నాడు.

సారు నవ్వాడు. "గదేంది బీరయ్యా! మీ ఇంట్ల మాట తప్పుతరని నేను ఎన్నడు ఇనలే. నీ తమ్ముడు పది మందిల మాటిచ్చిండు."

"వాడు తనది కానిది అమ్మిండు. గది మా దగ్గర చెల్లది."

"సరే, వాడిది గాదు. మరి పిల్ల నీదే గద? నువ్వియ్యి మాట."

నాయిన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నన్ను గొర్రెల తర్వాత, ఆకాశం తర్వాత చూసే మనిషి, ఆరోజు ముందు నన్నే చూశాడు. "జీవాలకు గాటు పెడ్తం సారూ. పిల్లలకు పెట్టం. దాని చెవికి నా గాటు గూడ లేదు. సదువుకునేది అది, దాన్నే అడుగు" అన్నాడు.

నాకు మామూలుగా కోపమొస్తే మాట పోతుందని చెప్పాను కదా. ఆ ఒక్కసారి పోలేదు. "నా కాయిదాలు నాకియ్యి సారూ. నేను నీ కాలేజికి రాను" అన్నాను. గట్టిగానే అన్నాను. చుట్టుపక్కల ఇళ్లలోంచి తలలు బయటికి వచ్చాయి. కాగితాలు కాలేజీలో ఉన్నాయన్నాడు, వచ్చే వారం అన్నాడు, కారు లేదన్నాడు. అవ్వ పోయి ఆయన గడప మీద కూర్చుంది. చుట్ట ముట్టించింది. "మంచిది. కాయిదాలు వచ్చేదాక గీన్నే ఉంట" అన్నది. లోపలికి పోవాలంటే ఆమెను దాటాలి, బయటికి రావాలంటే ఆమెను దాటాలి. పొగ వాళ్ల ఇంట్లోకి పోతోంది. ఊరి జనం ఒక్కొక్కరే వచ్చి, ఏమైంది పెద్దమ్మా అని అడగడం, అవ్వ ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పడం. జీవితంలో ఆమె అన్ని మాటలు మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. చివరికి సారు భార్య, ఆమె ముఖం కందిపోయి ఉంది, బీరువా తీసి నా కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. మొగుడి వైపు చూడను కూడా చూడలేదు. నావి కాక ఇంకెంతమంది పిల్లల కాగితాలు ఆ బీరువాలో ఉన్నాయో, తలుపు తెరిచినప్పుడు నేను చూశాను. వాళ్ల నాయినలు ఏ గుట్టల్లో ఉన్నారో, వాళ్ల అవ్వలు ఎవరి గడప మీద కూర్చోవాలో! ఆ బీరువాలో దొంతర్లు గుర్తొస్తే నాకు నా సీటు దక్కిందన్న సంతోషం కూడా సగమైపోతుంది.

చిన్నాయినే ఫోనులోంచి పాస్‌వర్డు వెతికి ఇచ్చాడు. దేవరకొండలో ఇంటర్నెట్ షాపులో కూర్చుని చూస్తే, సారు తన కాలేజీని మొదట పెట్టి, యూనివర్సిటీని అసలు పెట్టనే లేదు. యూనివర్సిటీని అన్నిటికన్నా పైన చేర్చి, పాస్‌వర్డు మార్చి, సేవ్ చేశాను. చిన్నాయిన తప్పు కింద తన గాటున్న ఒక గొర్రెను నాకు ఇచ్చాడు. ఇస్తూ, "నీకు మంచిగుంటదనే జేసిన బిడ్డా" అన్నాడు. నిజమే. నా మంచి కోరే అమ్మాడు. మంచి కోరేవాళ్ల మీద కోపం ఎలా తీర్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సీటు వచ్చింది. అక్కడితో కథ సుఖంగా ముగిసిందని రాయాలని నాకూ ఉంది. యూనివర్సిటీకి పోయాక తెలిసింది, నర్సింహ సారు చెప్పిన అబద్ధాల మధ్యలో ఒక నిజం కూడా ఉందని. సార్లు లేరు. భవనాలున్నాయి, చెట్లున్నాయి, బోర్డులున్నాయి. ఒక సెమిస్టరు మొత్తం మెషీన్ల పాఠం చెప్పేవాళ్లు లేక, మాకంటే పై తరగతి అన్నలే వచ్చి బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పారు. ల్యాబులో మోటారు ఉంటే దాన్ని నడిపే కరెంటు లైను లేదు. మేం గేటు ముందు కూర్చుని అరిస్తే, చేస్తాం, చూస్తాం అని పెద్దమనుషులు వచ్చి పోయేవాళ్లు. నా రూమ్మేట్లలో ఒకామె తండ్రి మేస్త్రీ, ఒకామె తల్లి పత్తి ఏరేది, ఒకామెకు ఎవరూ లేరు. మా మెదళ్లు తక్కువవి కావు. బయటి నుంచి ప్రాక్టికల్ పరీక్షలకు వచ్చి ప్రశ్న అడిగినవాళ్లు మా జవాబు విని ఆశ్చర్యపోయేవాళ్లు. ఆ ఆశ్చర్యం చూసి కూడా నాకు కోపమొచ్చేది. ఎందుకంత ఆశ్చర్యం? మా నాయిన మందను వదిలి వచ్చి తెచ్చిన సీటు అది. చేస్తాం, చూస్తాం అన్న పెద్దలారా, దానికి ఒక సారును పెట్టడం మీ చేతకాలేదు. పెట్టకుండా, ఊరికే వచ్చేదానికి విలువుండదని మాకే చెప్పారు.

ఇప్పుడు నేను అదే యూనివర్సిటీలో పాఠం చెబుతున్నాను. మేడం అంటారు, బస్సులో పరిచయం చేస్తారు. పర్మనెంట్ కాదు. ఉద్యోగం పొడిగిస్తూ ఏడాదికోసారి కాగితం వస్తే ఉంటాం, రాకపోతే లేదు. జీతం ఎప్పుడు వస్తుందో మేమూ మా ఇంటి ఓనరూ ఇద్దరం ఎదురుచూస్తాం. ఇన్నేళ్లలో మారింది ఏమిటంటే, ఆ తెల్ల కార్లు పెద్దవయ్యాయి, బ్యాగుల బదులు ల్యాప్‌టాప్‌లు ఇస్తున్నారు, ఊర్లకు పోయే సార్లు ఫోనులోనే ఓటీపీలు చెప్పించుకుంటున్నారు. నాయిన మోకాళ్లు పనిచేయక మందను తగ్గించాడు. అవ్వ పోయింది. చేన్లలో మంద పెట్టించుకునేవాళ్లు తగ్గారు, ఎరువుల బస్తాలు పెరిగాయి.

ఈ ఎండాకాలం అడ్మిషన్ల రోజుల్లో నన్ను సర్టిఫికెట్లు చూసే టేబులు దగ్గర కూర్చోబెట్టారు. ఒక పిల్ల వచ్చింది, పక్కన తల్లి. తల్లి చేతులు సున్నంతో పగిలిపోయి ఉన్నాయి. కాగితాలు చూసి, ర్యాంకు చూసి, నీకు ఇక్కడ సీటు తప్పకుండా వస్తుందన్నాను. పిల్ల వెంటనే సంతోషపడలేదు. తల్లి వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"మేడం, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. ఈడ సార్లు ఉంటరా? లేరని చెప్తున్నరు."

ఆ పిల్ల మీద కాదు, ఆ మాట ఆమె నోట్లో పెట్టినవాళ్ల మీద, ఆ మాటను నిజం చేసినవాళ్ల మీద ఒక్కసారిగా ఒళ్లు మండింది. ఉంటరని చెప్తే అబద్ధం, లేరని చెప్తే ఈమె పోయి ఆ కారెక్కుతుంది. తల్లి నా ముఖమే చూస్తోంది.

"నేనైతె ఉంట బిడ్డా," అన్నాను. "ఎలక్ట్రికల్‌కు నేను చెప్త. నువ్వు రా."

ఆమె తల ఊపింది. తల్లి కాగితాలన్నీ సర్దుకుని, కవరును కొంగులో చుట్టుకుని, నాకు దండం పెట్టి వెళ్లింది. నేను తర్వాతి పిల్లను పిలిచాను. ఈ ఏడాదికి నా కాగితం ఇంకా రాలేదు.